జనం తగ్గుతున్నా శివార్లు ఎలా పెరుగుతాయి?

ప్రశ్న (మధురవాడ):
మా వీధి చివర ఒకప్పుడు జీడితోట ఉండేది. ఇప్పుడు అక్కడ నాలుగు అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. జనం పెరిగారు కనుక విశాఖ పెరిగింది. అయితే 1989లో కమ్యూనిస్టు పాలనలు కూలడం మొదలయ్యాక తూర్పు యూరప్ నగరాల్లో జనాభా పడిపోతుండగానే శివార్లు విస్తరించాయని చదివాను. అదెలా సాధ్యం?

జవాబు (సీతమ్మధార):
లాత్వియా రాజధాని రీగాను చూడండి. 1990 నాటికి 9 లక్షలు దాటిన జనాభా ఇప్పుడు 6 లక్షలకు చేరింది. సోవియట్ సైన్యం వెళ్లిపోయింది, జననాలు తగ్గాయి, 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరాక యువత ఐర్లాండ్, బ్రిటన్‌లకు తరలిపోయింది. మిగిలినవారిలో స్థోమత ఉన్నవారు, ప్రైవేటీకరణతో భూమికి మార్కెట్ ఏర్పడి, బ్యాంకు రుణాలు దొరకడంతో, సోవియట్ కాలపు ఇరుకు ఫ్లాట్లు వదిలి మారుపె వంటి పొరుగు ఊళ్లలో సొంత ఇళ్లు కట్టుకున్నారు. అంటే నగరం రెండు వైపుల నుంచీ ఖాళీ అయింది.

జవాబు (గాజువాక):
నేను ఒకప్పటి తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో చదువుకున్నాను. అక్కడి గ్రునావు కాలనీలో అపార్ట్‌మెంట్ బ్లాకులు కూల్చిన చోట గడ్డి మొలిచి, మధ్యలో పాత కాలిబాట మాత్రం ఎటూ చేరకుండా ఆగిపోయి ఉండేది. ఆ దృశ్యం నన్ను ఇప్పటికీ వదలదు. 1989లో 5.3 లక్షలున్న లైప్‌జిగ్ జనాభా 1998కి 4.4 లక్షలకు దిగి, తరువాత 6 లక్షలు దాటింది. ఒక్క జాగ్రత్త: 2000 ప్రాంతంలో శివారు గ్రామాలను నగరంలో కలపడం వల్లనే కొంత పెరుగుదల కనిపించింది. 2005లో మా గాజువాక విశాఖలో కలిసినప్పుడూ ఇంతే కదా!

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ. హద్దుల సంగతి నాకు తట్టనే లేదు.