ఓడ రేవులోనే ఉంది, అయినా ఎక్కనివ్వలేదు. ఇది న్యాయమేనా?

మొగల్రాజపురం (చర్చ మొదలుపెట్టినవారు)

సూటిగా అడుగుతున్నాను. ఓడ ఇంకా రేవులో కట్టే ఉంది. బయలుదేరడానికి ముప్పావుగంట ఉంది. పూర్తి డబ్బు కట్టిన ఇద్దరు ప్రయాణికులు పాస్‌పోర్టులు చేత్తో పట్టుకుని టెర్మినల్‌లో నిలబడ్డారు. వాళ్లని ఎక్కనివ్వకపోవడం ఏ న్యాయం?

ఇది మా పిన్ని, బాబాయికి జరిగింది. సింగపూర్ నుంచి క్రూజ్, సాయంత్రం 5కి బయలుదేరుతుంది. విజయవాడ నుంచి చెన్నై వెళ్లి రాత్రి విమానం ఎక్కాలి, పొద్దున 7కల్లా సింగపూర్‌లో దిగాలి. విమానం ఆరు గంటలు లేటు. ఇమిగ్రేషన్, బ్యాగులు అయ్యేసరికి రెండున్నర. వోచర్ మీద ‘సింగపూర్ క్రూజ్ టెర్మినల్’ అని మాత్రమే ఉంటే ట్యాక్సీ అతను హార్బర్‌ఫ్రంట్‌కి తీసుకెళ్లాడు. అసలు ఓడ ఉన్నది మరీనా బే క్రూజ్ సెంటర్‌లో. అక్కడికి చేరేసరికి 4:15. ‘మూడున్నరకే చెక్-ఇన్ మూసేశాం’ అన్నారు. పిన్ని బతిమాలింది, కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎవరూ వినలేదు. ‘నో-షో’ (అంటే టికెట్ ఉండీ రానివాళ్లు) అని రాసుకున్నారు, ఒక్క రూపాయి వెనక్కి రాదట.

కంపెనీ పేరు, ఏజెంట్ పేరు ఇక్కడ వద్దు. ఆ పద్ధతి సరైనదా కాదా అన్నదే చర్చ.

కృష్ణలంక

నూటికి నూరు పాళ్లు అన్యాయం. పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లో కదిలే బస్సుని కూడా ‘ఇంకో ఇద్దరు వస్తున్నారు’ అంటే కండక్టర్ విజిల్ వేసి ఆపుతాడు. వేలమంది ఎక్కే ఓడకి ఇద్దరు మనుషులూ రెండు సూట్‌కేసులూ బరువైపోయాయా? గేటు దగ్గర ఉన్న ఉద్యోగి పైవాళ్లకి ఒక ఫోన్ చేసుంటే సరిపోయేది.

బ్రాడీపేట, గుంటూరు

మర్చంట్ నేవీలో చేసి రిటైరయ్యాను. ఎక్కువగా సరుకు ఓడలే, కొన్నాళ్లు ప్యాసింజర్ ఓడ మీద కూడా ఉన్నాను. మీ పిన్నిగారి బాధ తలుచుకుంటే నాకూ కష్టంగానే ఉంది. అయినా ఎక్కనివ్వకపోవడమే సరైన పని అంటాను.

ఒడ్డు మీద నుంచి చూస్తే ఓడ ఊరికే నిలబడి ఉన్నట్టు కనిపిస్తుంది. లోపల ఆ సమయానికి ఎవరికీ ఊపిరాడదు. 5 గంటలకి కదలాలంటే పైలట్‌ని ముందే బుక్ చేయాలి. ఆ రేవు నీళ్లు, మలుపులు తెలిసిన పైలట్ ఓడ మీదకి వచ్చి కెప్టెన్ పక్కన నిలబడి దారి చెప్తాడు. సింగపూర్ జలసంధి ప్రపంచంలో బాగా రద్దీగా ఉండే సముద్ర మార్గాల్లో ఒకటి. అక్కడ మనకిచ్చిన టైము జారిపోతే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో మన చేతుల్లో ఉండదు.

అంతకంటే పెద్ద విషయం మనుషుల లెక్క. సోలాస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ప్యాసింజర్ ఓడ కదిలేముందు అందులో ఉన్నవాళ్లందరినీ లెక్కపెట్టి తీరాలి. దేశం దాటే ఓడైతే ఆ జాబితా ఇమిగ్రేషన్‌కీ వెళ్లాలి. చెక్-ఇన్ గంటా గంటన్నర ముందు మూసేది ఈ పని కోసమే. ఇదంతా కాగితాల గోల అనుకోకండి. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు అందులో ఎంతమంది ఉన్నారన్నదానికే మొదట తలో లెక్క చెప్పారు. ఒడ్డున ఎదురుచూసిన కుటుంబాలకి ఆ లెక్క తేలకపోవడం ఎంత నరకమో మన జిల్లాల వాళ్లకి వేరే చెప్పాలా?

ఇంకోటి. 2012 జనవరి 13న ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా రాళ్లకి గుద్దుకుని 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన దాదాపు 700 మందికి ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూపించే మస్టర్ డ్రిల్ అప్పటికి జరగలేదు. అప్పట్లో 24 గంటల్లోపు చేస్తే చాలు. 2015 నుంచి ఓడ కదలకముందే గానీ కదిలిన వెంటనే గానీ చేయాలని మార్చారు. ఆఖరి నిమిషంలో పరిగెత్తుకొచ్చిన మనిషికి ఇవన్నీ ఎవరు చెప్తారు, ఎప్పుడు చెప్తారు?

లేటైతే దారిలో వేగం పెంచి సర్దుకోవచ్చు కదా అని అడుగుతారు. వేగం పది శాతం పెంచాలంటే ఇంజిన్ నుంచి సుమారు ముప్పై మూడు శాతం ఎక్కువ శక్తి కావాలి. ఆ నూనె ఖర్చు చిన్నది కాదు.

గవర్నర్‌పేట

నేను ట్రావెల్స్‌లో పనిచేస్తాను, టికెట్లు అమ్మే వైపు నుంచి చెప్తాను. ఓడ బయలుదేరే రోజే విమానం దిగడం అంటే అదృష్టం మీద ఆధారపడటమే. ముందురోజే చేరుకోవాలని మేము చెప్తాం. చాలామంది ‘సింగపూర్‌లో హోటల్ ఒక్క రాత్రికి అంత రేటా’ అని ఆ రాత్రి తీసేయమంటారు. ప్యాకేజీ ధర తగ్గించి చూపించడానికి కొందరు ఏజెంట్లు అడక్కుండానే తీసేస్తారు, అది మాత్రం తప్పే.

టెర్మినల్ విషయంలో మొగల్రాజపురం గారు చెప్పినది నిజంగా జరిగేదే. అక్కడ క్రూజ్ టెర్మినళ్లు రెండు. హార్బర్‌ఫ్రంట్‌లోది పాతది, మరీనా బే క్రూజ్ సెంటర్ 2012లో మొదలైంది. వోచర్ మీద ఏదో ఒకటి స్పష్టంగా రాయకపోతే ఊరు తెలియనివాళ్లు ఎటు వెళ్తారు?

మొగల్రాజపురం

బ్రాడీపేట గారూ, మీరు చెప్పిన ప్రతి మాటా గౌరవంతో చదివాను. కానీ లెక్క అంటున్నారు కదా, పిన్నీ బాబాయీ ఆ లెక్కలో ముందునుంచీ ఉన్నవాళ్లే. వాళ్ల పాస్‌పోర్టు నంబర్లు ఆన్‌లైన్ చెక్-ఇన్‌లో నెలముందే ఇచ్చాం. వాళ్లకి క్యాబిన్ ఉంది. కొత్తగా పుట్టుకొచ్చిన మనుషులు కాదు. పేరు పక్కన టిక్కు పెట్టడానికి ముప్పావుగంట చాలదా?

గవర్నర్‌పేట గారూ, ముందురోజు వెళ్లమని మాకు ఎవరూ చెప్పలేదు. మా వోచర్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్నది ‘బయలుదేరే సమయం 5’ అనే. చెక్-ఇన్ మూసే సమయం షరతుల్లో ఎక్కడో చివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉందట. అది ఇప్పుడు, అంతా అయ్యాక వెతికితే దొరికింది.

పటమట

ఒక విషయం ఎవరూ అనలేదు. ఓడ ఎవరి కోసమూ ఆగదన్నది నిజం కాదు. దారిలో ఏదైనా ఊళ్లో ఓడ ఆగినప్పుడు, కంపెనీ అమ్మిన టూర్ బస్సు లేటైతే ఓడ ఆగుతుంది. ఆగలేకపోతే వాళ్లని తర్వాతి రేవుకి చేర్చే బాధ్యత తీసుకుంటుంది. ఇది చాలా కంపెనీలు తమ టూర్ల ప్రకటనల్లోనే చెప్పుకుంటాయి. అదే సొంతంగా ట్యాక్సీ మాట్లాడుకుని వెళ్లినవాడు లేటైతే వదిలేస్తారు.

2024 మార్చిలో ఆఫ్రికాలో సావో టోమే అనే ద్వీపం దగ్గర నార్వేజియన్ డాన్ అనే ఓడ ఎనిమిది మందిని వదిలేసి వెళ్లింది. వాళ్లు వెళ్లింది ప్రైవేటు టూర్, తిరిగి రావడం లేటైంది. అక్కడి కోస్ట్‌గార్డ్ వాళ్లని పడవలో ఓడ దాకా తీసుకెళ్లినా ఎక్కించుకోలేదు. వాళ్లు దేశాలు దాటుకుంటూ గాంబియా చేరితే నీటిమట్టం చాలక ఓడ అక్కడ ఆగనే లేదు. చివరికి సెనెగల్‌లో డకార్ దగ్గర అందుకున్నారు. అందులో పెద్దవాళ్లు, గర్భిణి కూడా ఉన్నారు.

అంటే ఆగడం సాధ్యమే. ఎవరి కోసం ఆగాలన్నది డబ్బు నిర్ణయిస్తోంది. నాకు ఇది మింగుడుపడటం లేదు.

బ్రాడీపేట, గుంటూరు

పటమట గారి ప్రశ్న గట్టిది, దాటవేయను. టూర్ బస్సు విషయంలో తేడా ఉంది. బస్సు ఎక్కడుందో, ఇంకెంతసేపు పడుతుందో గైడ్ ఫోన్‌లో చెప్తూనే ఉంటాడు. అందులో ఉన్నవాళ్లు అప్పటికే ఓడ ప్రయాణికులు, వాళ్ల సామాన్లు ఓడలోనే ఉన్నాయి, డ్రిల్ అయిపోయింది. మొదటిరోజు ఎక్కేవాళ్ల సంగతి వేరు. వాళ్ల సామాను స్కాన్ అవ్వాలి, ఇమిగ్రేషన్ ముద్ర పడాలి, ఆ కౌంటర్లలో కూర్చునేది ఓడ వాళ్లు కాదు, ప్రభుత్వ అధికారులు. వాళ్లు లేచి వెళ్లిపోయాక కెప్టెన్ తలుచుకున్నా ముద్ర వేయలేడు.

కంపెనీకి డబ్బు దృష్టి లేదని నేను అనను. సావో టోమే విషయంలో కోస్ట్‌గార్డ్ దాకా వచ్చాక ఎక్కించుకోవాల్సిందనే నా అభిప్రాయం కూడా. కానీ మొగల్రాజపురం గారి కేసుకీ దానికీ పోలిక లేదు.

గుణదల

నాకు ఓడల సంగతి తెలియదు కానీ మా అత్తగారిని, మామగారిని ఒకసారి విదేశానికి పంపించిన అనుభవం ఉంది. ఏజెంట్ వాట్సాప్‌లో ఒక ఇంగ్లిష్ పీడీఎఫ్ పంపి ‘అంతా అందులో ఉంది మేడం’ అన్నాడు. అంతా అందులోనే ఉంది, నిజమే. అరవై దాటినవాళ్లు, తెలుగు తప్ప చదవనివాళ్లు అది చదివి 3:30కి, 5కి తేడా పట్టుకోగలరా? మేము ఇంట్లో కూర్చుని తెలుగులో ఒక కాగితం రాసి వాళ్ల చేతికిచ్చాం. ఏ గేటు, ఎన్నింటికి మూస్తారు, లేటైతే ఎవరికి ఫోన్ చేయాలి అని. ఆ కాగితం ఇవ్వాల్సింది డబ్బు తీసుకున్న ఏజెంటే కదా.

నా మటుకు నాకు ఓడ ఆగకపోవడం మీద కోపం లేదు. విజయవాడలో ఆఫీసు పెట్టి, తెలుగులో మాట్లాడి డబ్బు కట్టించుకుని, అసలు ముఖ్యమైన ఒక్క మాట తెలుగులో చెప్పని ఏజెంట్ మీదే నా కోపమంతా. విశాఖలో 2023లో క్రూజ్ టెర్మినల్ ప్రారంభించారు. రేపు మన ఊళ్ల నుంచి ఇంకా చాలామంది పెద్దవాళ్లు ఓడలెక్కుతారు. విమానంలాగే గేటు ముందే మూస్తారని వాళ్లలో ఎంతమందికి తెలుసు?

లక్ష్మీపురం, గుంటూరు

న్యాయవాదిగా రెండు మాటలు. ఓడ ఎక్కించుకోలేదన్నదాని మీద పోరాడితే మీకు లాభం ఉండదు. షరతుల్లో సమయం రాసి ఉంది. చూడాల్సింది మిగతా ఇద్దరి వైపు.

మొదటిది విమాన సంస్థ. భారత్, సింగపూర్ రెండూ మాంట్రియల్ ఒప్పందంలో (అంతర్జాతీయ విమాన ప్రయాణాల్లో సంస్థల బాధ్యత గురించినది) ఉన్నాయి. దాని 19వ అధికరణం ప్రకారం ఆలస్యం వల్ల ప్రయాణికుడికి కలిగిన నష్టానికి విమాన సంస్థ బాధ్యత వహించాలి, ఒక పరిమితి దాకా. ఆలస్యం జరగకుండా చేయగలిగినవన్నీ చేశామని వాళ్లు నిరూపించుకుంటే తప్ప. రెండేళ్లలోపు దావా వేయాలి. ఇలాంటి వాదనకి మన దగ్గర పోలిక ఉంది. అజ్మీర్-జమ్ము రైలు నాలుగు గంటలు లేటై ఒక కుటుంబానికి శ్రీనగర్ విమానం తప్పిపోతే, ఆలస్యానికి సరైన కారణం చూపలేని రైల్వే పరిహారం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2021 సెప్టెంబర్‌లో తేల్చింది.

రెండోది ఏజెంట్. టెర్మినల్ పేరు సరిగా రాయకపోవడం, మూసే సమయం చెప్పకపోవడం సేవాలోపమని వాదించవచ్చు. 2019 వినియోగదారుల చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివాసం ఉన్నచోటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. సింగపూర్ వెళ్లక్కర్లేదు.

ఇంకో చిన్న విషయం. ప్రయాణం చేయనివాళ్లకి రేవు రుసుములు, పన్నులు వెనక్కి ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి, కానీ అడిగితేనే. ‘ఒక్క రూపాయి రాదు’ అని నోటిమాటగా చెప్పింది నమ్మకుండా రాతపూర్వకంగా అడగండి. ప్రయాణ బీమా ఉంటే ‘మిస్డ్ డిపార్చర్’ (బయలుదేరే సమయానికి అందుకోలేకపోవడం) భాగం చదవండి. కొన్ని పాలసీలు విమానం తప్పిపోతేనే ఇస్తాయి, ఓడని కలపవు.

కృష్ణలంక

చట్టం సరే. నా అభిప్రాయం మాత్రం మారలేదు. 4:15కి వచ్చిన మనిషిని చూసి, కౌంటర్‌లో అధికారులు ఇంకా ఉన్నారో లేదో కనీసం లేచి చూసి రావాల్సింది. చూసి లేరని చెప్తే మాట్లాడను. చూడకుండానే కాదనడం నిర్దయ. నిబంధన ఎంత అవసరమైనా, దాన్ని చెప్పే మనిషి కళ్లల్లోకి చూసి చెప్పాలి కదా?

బ్రాడీపేట, గుంటూరు

ఆ మాట ఒప్పుకుంటాను. పిన్నిగారిని ఒక కుర్చీలో కూర్చోబెట్టి, తర్వాతి రేవులో ఎక్కడానికి వీలుందేమో కనుక్కుని చెప్పాల్సింది. కొన్ని ప్రయాణాల్లో కంపెనీ ఒప్పుకుంటే, వీసా కుదిరితే అది సాధ్యమే. అడిగారా?

మొగల్రాజపురం

బాబాయి అడిగారట. ‘కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయండి’ అన్నారు, ఆ ఫోన్ ఎత్తేసరికి ఓడ వెళ్లిపోయింది. అందుకే ఇప్పటికీ నాది ఒకటే మాట, ఆ ముప్పావుగంటలో వాళ్లు ప్రయత్నం చేయలేదు.

లక్ష్మీపురం గారూ, చాలా థాంక్స్ అండీ. మా దగ్గర వోచర్, బోర్డింగ్ పాసులు, రెండు ట్యాక్సీల రసీదులు ఉన్నాయి. ఏజెంట్‌తో వాట్సాప్ సంభాషణ కూడా ఉంది. ఇంకేం కావాలి?

లక్ష్మీపురం, గుంటూరు

విమానం ఎన్ని గంటలు, ఏ కారణంతో లేటైందో సంస్థ నుంచి ఉత్తరం తీసుకోండి, అడిగితే ఇస్తారు. ఏజెంట్‌కి డబ్బు కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేయండి. ముందు ఇద్దరికీ నోటీసు పంపి పదిహేను రోజులు గడువు ఇవ్వండి. వాట్సాప్ సంభాషణ స్క్రీన్‌షాట్లతో ఆపకుండా మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫోన్ మార్చకుండా అలాగే ఉంచండి.