తీర్థన్ నదిలో ట్రౌట్: డ్రై ఫ్లైకి ఏ నెల మంచిది?

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్. సింగూరు దగ్గర వానపాము గుచ్చి గాలం వేయడమే నాకు తెలిసిన విద్య. ఈసారి హిమాచల్‌లోని తీర్థన్ నదిలో బ్రౌన్ ట్రౌట్ చేప పట్టాలని ఉంది, అదీ డ్రై ఫ్లైతోనే (నీటి పైన తేలే, ఈగలా కట్టిన గాలం).

నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా అక్కడ ట్రౌట్ వేట నిషేధం. మే, జూన్‌లలో మంచు కరిగి నీళ్లు బురదగా ఉంటాయట, తర్వాత వానలు. నీళ్లు తేటగా లేకపోతే పైన తేలే ఈగ చేపకేం కనిపిస్తుంది? అందుకే మార్చి చివరా, అక్టోబరా అని ఊగుతున్నాను. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

అసలు టెన్షన్ వేరే. తొమ్మిది అడుగుల 5 వెయిట్ (అది వేసే దారం బరువుకు నంబరు) ఫ్లై రాడ్ కొని పార్కులో గడ్డి మీద సాధన చేస్తున్నాను (వాకింగ్‌కు వచ్చే పెద్దాయనలు రోజూ "ఎన్ని పడ్డాయి బాబూ?" అంటున్నారు). విసరడం వచ్చింది. కానీ ప్రవాహం దారాన్ని లాగితే ఈగ కూడా గీత గీసుకుంటూ పోతుంది కదా, దాన్ని ఆపేదెలా? 14 సైజు ఆడమ్స్ (ఒక రకం డ్రై ఫ్లై) చాలా, ఇంకా చిన్నవి కావాలా? చేపల వేట లైసెన్సు అక్కడి బంజార్ ఊర్లోనే దొరుకుతుందా? శని, ఆదివారాలే ఉన్నాయి, ఆఫీసులో మూడో రోజు అడిగే ధైర్యం లేదు.