అజేలియా ఆకులు పసుపు తిరుగుతున్నాయి, ఎరువు చాలడం లేదా?

ప్రశ్న (మధురవాడ):
నమస్కారమండి. సంక్రాంతికి ముందు నర్సరీలో గులాబీ రంగు అజేలియా కొన్నాను. అప్పుడు మొక్క నిండా పూలే. ఇప్పుడు పూలు రాలిపోయి లేతాకులు పసుపు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. తూర్పు బాల్కనీలో కుండీ. పోసేది బోరు నీళ్లు. పశువుల ఎరువు, గుడ్డు పెంకుల పొడి వేస్తున్నాను. ఇంకా ఏమైనా వెయ్యాలా?

జవాబు (సీతమ్మధార):
ముందు ఆ పెంకుల పొడి ఆపెయ్యండమ్మా. ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు పాకితే సాధారణంగా అది ఇనుము లోపం. చాలాసార్లు మట్టిలో ఇనుము ఉంటుంది, సున్నం ఎక్కువై వేర్లకు అందదు. అజేలియాకి ఆమ్ల గుణమున్న మట్టి కావాలి, పి.హెచ్. 4.5 నుంచి 6 వరకు. మీ బోరు నీళ్లకి బకెట్ అంచున తెల్లటి చార కడుతుందేమో చూడండి. కడితే అది సున్నమే, పెంకుల పొడీ సున్నమే. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లు పట్టి పొయ్యండి, వానాకాలంలో వాన నీళ్లు.

కుండీ మారుస్తారా, అయితే కోకోపీట్‌ని (కొబ్బరి పీచు పొట్టు) ఉప్పు పోయేలా బాగా కడిగి రెండు పాళ్లు, ఎర్రమట్టి ఒక పాలు, మాగిన ఆకుల ఎరువు ఒక పాలు. వేర్లు వెంట్రుకల్లా పైపైనే ఉంటాయి, మట్టి గుల్ల చేద్దామని కెలకొద్దు. పైన ఎండిన సరుగుడాకు పరచండి. తక్షణానికి లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట పిచికారీ చెయ్యండి, ముందు ఒక్క కొమ్మకి కొట్టి చూసుకుని. కొమ్మలు కత్తిరించేదుంటే ఇప్పుడే, పూలవగానే. ఆలస్యమైతే వచ్చే ఏటి మొగ్గలు పోతాయి.

జవాబు (అరకు):
అన్నీ నిజమే. కానీ ఇది చలి కోరే మొక్క. మొగ్గ బాగా విచ్చుకోవాలంటే చల్లటి రాత్రులు కావాలి. మీ విశాఖలో ఆకు నిలబడుతుంది, పూలు మాత్రం నర్సరీలో చూసినన్ని ఆశించకండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు ఎండ, ఉప్పు గాలి తగలని మూలకి జరపండి. గుత్తుల పూలే కావాలంటే నూరువరహాలు పెట్టుకోండి, మన వేడికి హాయిగా పూస్తుంది.

ప్రశ్న (మధురవాడ):
చాలా థాంక్సండి. ఇంట్లో కుక్కపిల్ల ఉంది, ఆకులు నములుతోంది. పర్వాలేదా?

జవాబు (సీతమ్మధార):
అస్సలు వద్దు. అజేలియా ఆకూ పువ్వూ కుక్కలకీ మేకలకీ విషం. వాంతులు, చొంగ కారడం, గుండె లయ తప్పడం దాకా వెళ్తుంది. ఈ రోజే కుండీని దానికి అందని ఎత్తులో పెట్టండి. ఇప్పటికే తిన్నదంటే వాంతుల కోసం చూడకుండా పశువుల డాక్టరుకి ఫోన్ చెయ్యండి.