ఎడమ పక్క తాళం బెజ్జం ఉన్న రివాల్వర్ కొనాలా, లేనిదా?

కొత్తచెయ్యి_డల్లాస్:

అందరికీ నమస్తే. హెచ్1బీ మీద ఉన్నన్నాళ్ళూ తుపాకీ ఊసే ఎత్తలేదు, ఎత్తినా మామూలుగా కొనే వీలు లేదు. కిందటేడు గ్రీన్ కార్డు వచ్చింది. ఆరు నెలలుగా నేనూ మా ఆవిడా రేంజ్‌కి వెళ్ళి అద్దె తుపాకులతో కాలుస్తున్నాం. పిస్టల్ పైభాగం, అదే స్లైడ్, వెనక్కి లాగాలంటే తనకి చెయ్యి నొప్పి. రివాల్వర్ ఇద్దరికీ కుదిరింది. చివరికి స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 686 మోడల్, నాలుగంగుళాల బ్యారెల్, అని తేల్చుకున్నాం.

షాపులో రెండున్నాయి. ఒకటి కొత్తది. ఎడమ పక్క, తూటాలు పెట్టే సిలిండర్ తెరవడానికి బొటనవేలితో తోసే ముక్క ఉంటుంది కదా, దానికి కాస్త పైన చిన్న బెజ్జం. అందులో బుల్లి తాళంచెవి పెట్టి తిప్పితే లాక్ పడుతుందట. రెండోది సెకండ్ హ్యాండ్, బెజ్జం లేదు. విచిత్రం ఏంటంటే కొత్తదాని కంటే ఆ పాతదే 150 డాలర్లు ఎక్కువ. ఎందుకని అడిగితే కౌంటర్ వెనక పెద్దాయన "నో హోల్" అని నవ్వి ఊరుకున్నాడు.

ఇంటికొచ్చి వెతికితే టెన్షన్ పెరిగింది. కాలుస్తుండగా లాక్ దానంతటదే పడిపోతుందని కొందరు, అదంతా ఉత్తిదని కొందరు. మాకు ఐదేళ్ళ పాప. జూన్‌లో అమ్మానాన్న వచ్చి ఆరు నెలలుంటారు. వాడేవాళ్ళు చెప్పండి, ఏది తీసుకోమంటారు?

హ్యూస్టన్_మామ:

పాతదే. రెండో మాట లేదు.

ఆ బెజ్జాన్ని ఇక్కడివాళ్ళు "హిల్లరీ హోల్" అంటారు. 2000 మార్చిలో స్మిత్ అండ్ వెసన్ వాళ్ళు బిల్ క్లింటన్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నారు. రెండేళ్ళలో ప్రతి చేతి తుపాకీలోనూ లోపలే తాళం పెడతామన్నది అందులో ఒకటి. సంతకం ఆయన ప్రభుత్వంతో, పేరు మాత్రం ఆయన భార్య హిల్లరీకి పడింది. కొనేవాళ్ళకి ఒళ్ళు మండి ఆ కంపెనీ సరుకు ముట్టుకోవడం మానేశారు. అప్పటి యజమాని టామ్‌కిన్స్ అనే బ్రిటిష్ కంపెనీ. 1987లో 11 కోట్ల డాలర్ల పైచిలుకు పెట్టి కొన్నదాన్ని 2001లో కోటిన్నరకి వదిలించుకుంది. అసలు తమాషా ఇక్కడే ఉంది. కొన్నది ఎవరనుకున్నావ్? సేఫ్-టీ-హ్యామర్ అని తుపాకీ తాళాలు చేసే కంపెనీ! ఒప్పందాన్ని తర్వాత పట్టించుకున్న నాథుడు లేడు, తాళం మాత్రం తుపాకీ ఫ్రేములో ఉండిపోయింది.

మా ఇంట్లో మా తుపాకీకి తాళం వెయ్యాలో వద్దో చెప్పడానికి వీళ్ళెవరు? 2008 హెల్లర్ కేసులో సుప్రీం కోర్టు తేల్చింది కూడా దాదాపు ఇదే. ఇంట్లో తుపాకీని ఎప్పుడూ విడదీసో, ట్రిగ్గర్‌కి తాళం వేసో ఉంచాలన్న వాషింగ్టన్ డీసీ రూలు చెల్లదంది. నేనైతే బెజ్జం ఉన్నది ఫ్రీగా ఇచ్చినా తీసుకోను.

ఒహాయో_బాబాయ్:

మామగారి చరిత్ర కరెక్టే. కానీ తమ్ముడూ, నువ్వు కొంటున్నది రివాల్వర్, 2000 నాటి కోపం కాదు. నా దగ్గర బెజ్జం ఉన్న 686 ఉంది, పద్నాలుగేళ్ళయింది. ఎన్ని రౌండ్లు కాల్చానో పుస్తకంలో రాసుకునే చాదస్తం నాది. 7,300 దాటాయి, అందులో ఐదో వంతు బలమైన 357 మ్యాగ్నం తూటాలు, మిగతావి కాస్త నెమ్మదైన 38 స్పెషల్. లాక్ దానంతటది పడడం ఒక్కసారి కూడా చూడలేదు.

అలాగని అది పూర్తిగా కట్టుకథ అనను. లాక్ వేస్తే లోపల హ్యామర్, అంటే కొట్టి తూటా పేల్చే ముక్క, దాని పక్కన చిన్న రేకు లాంటి ముక్క పైకి లేచి హ్యామర్‌ని కదలనివ్వదు. ఆ ముక్కని కిందే ఉంచేది చిన్న స్ప్రింగ్. తుపాకీ బాగా తేలికై, గుండు బాగా బలమైనదైతే ఆ కుదుపుకి ముక్క ఎగిరే అవకాశం ఉంది. నేను విన్న ఫిర్యాదుల్లో ఎక్కువ స్కాండియం, టైటానియం కలిసిన తేలికపాటి మోడళ్ళ గురించే. అలాంటి మోడల్ 340పీడీ పన్నెండు ఔన్సులు కూడా ఉండదు, దాంట్లో మ్యాగ్నం కాలిస్తే అరచెయ్యి తిమ్మిరెక్కుతుంది. నువ్వు చూస్తున్న 686 స్టీలుది, నలభై ఔన్సుల దగ్గర తూగుతుంది. జేబులో పెట్టుకునే తేలికపాటిది కొంటానంటే మాత్రం నేనూ బెజ్జం లేనిదే చూడమంటాను. 642 అనే చిన్న మోడల్‌లో అలాంటివి కొత్తవే దొరుకుతాయి.

ఇంకొకటి. చాలామంది ఈ లాక్‌నీ, హ్యామర్ బ్లాక్‌నీ ఒకటే అనుకుంటారు. హ్యామర్ బ్లాక్ అంటే చెయ్యి జారి కింద పడ్డా పేలకుండా అడ్డుపడే రేకు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడ డెక్ మీద రివాల్వర్ పడి పేలి ఒక నావికుడు చనిపోయాక, 1944 చివర్లో దాన్ని మార్చి గట్టిగా చేశారు. అది నీ ప్రమేయం లేకుండా దాని పని అది చేసుకుపోతుంది. నువ్వు చూసిన రెండింటిలోనూ ఉంటుంది. తాళం అలా కాదు, నువ్వు వెయ్యాలి, నువ్వే తియ్యాలి. నా గొడవంతా ఆ "నువ్వే తియ్యాలి" దగ్గరే.

2016లో నెల రోజులు ఇండియా వెళ్తూ, ఇల్లు చూసుకోడానికి బావమరిది ఉంటాడు కదా అని లాక్ వేశాను. తాళంచెవి సూట్‌కేసు తాళాల గుత్తికి తగిలించాను. తిరిగొచ్చేటప్పుడు అత్తగారు మాతో వచ్చారు. వచ్చి మూడు వారాలయ్యాక రేంజ్‌కి వెళ్ళాను. కాల్చేముందు ఖాళీ సిలిండర్‌తో ఒకసారి ట్రిగ్గర్ నొక్కి చూడడం అలవాటు. నొక్కితే రాయి. కదిలితే ఒట్టు. పక్క లేన్‌లో కుర్రాడు "పాడైందా సార్?" అంటున్నాడు. చూస్తే హ్యామర్ పక్కన ఆ ముక్క లేచి ఉంది, దాని మీద "లాక్డ్" అని రాసి మరీ ఉంది. అంటే ఆ మూడు వారాలూ రాత్రిళ్ళు నేను ధైర్యంగా పడుకున్నది మేకులు కొట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాని ఇనప ముక్కని నమ్ముకుని! ఇంటికెళ్ళి తాళంచెవి వెతికితే గుత్తిలో లేదు. రెండు రోజులకి దేవుడి అరలో కుంకుమ భరిణె కింద దొరికింది. అత్తగారు ఇల్లు సర్దుతూ "ఏదో మందసం తాళంలా ఉంది, పోకుండా పెట్టాను" అన్నారు. ఆవిడ తప్పేముంది? వేసి మర్చిపోయింది నేను.

ఆ వారమే మంచం పక్క అలమరాలో చిన్న సేఫ్ బోల్టులతో బిగించాను. మీట నొక్కే నంబర్లు, చీకట్లో వేళ్ళకే తెలిసిపోతుంది. రివాల్వర్ అందులో, లాక్ తీసే ఉంటుంది. పిల్లలకి అందదు, నాకు మూడు సెకన్లలో అందుతుంది. ఫ్రేములో తాళం ఈ రెండో పని చెయ్యలేదు. అర్ధరాత్రి నిద్రమత్తులో, చేతులు వణుకుతుంటే, అగ్గిపుల్లంత తాళంచెవిని ఆ బెజ్జంలో పెట్టి చూడు, తెలుస్తుంది. పోనీ దొంగల్ని ఆపుతుందా అంటే అదీ లేదు, తుపాకీని తాళంతో సహా పట్టుకుపోతాడు.

ఇక 150 డాలర్ల సంగతి. బెజ్జం లేనిదాంట్లో నీకు దొరికేది బెజ్జం లేకపోవడమే, పనితనం బాగుంటుందని రూలేమీ లేదు. సిలిండర్ తెరిచి లోపల ఫ్రేము మీద నంబరు చూడు. 686-5 అంటే లాక్ రాకముందుది, 686-6 అంటే వచ్చాక. పాతదైతే షాపువాళ్ళనడిగి ఖాళీగా ఉందని చూసుకున్నాక హ్యామర్ మెల్లగా వెనక్కి లాగు. పూర్తిగా వెనక్కి వచ్చేసరికి సిలిండర్ తిరిగి గట్టిగా కుదురుకోవాలి. సిలిండర్‌లో తూటా పట్టే అన్ని గదులకీ ఇలాగే చూడు. తర్వాత మూసి ఉన్న సిలిండర్‌ని ముందుకీ వెనక్కీ కదుపు, టకటకమని ఆడకూడదు. బ్యారెల్ మొదట్లో, పైనున్న పట్టీ మీద మంట కోసిన గాడి లోతుగా ఉంటే చాలా మ్యాగ్నం తిన్నదని అర్థం. వీటిలో ఏది తేడా ఉన్నా నో హోల్ లేదు, గీల్ లేదు, పక్కన పెట్టెయ్.

లాక్ పీకించేద్దామని మాత్రం అనుకోకు. రేపు ఆ తుపాకీతో ఆత్మరక్షణకి కాల్చాల్సి వచ్చి కోర్టుకెక్కితే, "ఈయన సేఫ్టీ పరికరం పీకేసుకున్నాడు" అని అవతలి లాయరు జ్యూరీ ముందు మొదలుపెడతాడు. ఆ మాటకి జవాబు చెప్పుకోడానికి నీ లాయరుకి గంటకింతని కట్టాలి.

నైట్‌షిఫ్ట్_నర్సు:

బాబాయ్ గారూ, సేఫ్ విషయంలో మీతో ఉన్నాను, "లాక్ పనికిరాదు" అన్నట్టు రాసిన దగ్గర లేను. కారు ట్రంకులో వేసుకుని రేంజ్‌కి వెళ్ళేటప్పుడూ, హోటల్ గదిలోనూ నేను వేస్తాను. అక్కడ బోల్టులు బిగించిన సేఫ్ ఉండదు కదా. మా ఆయన దగ్గర రూగర్ కంపెనీ రివాల్వర్ న్యూ వకేరో ఉంది, దాని లాక్ పిడి చెక్క కింద దాక్కుంటుంది. స్క్రూ విప్పితే గానీ వెయ్యలేం. అలాంటిది ఎవరు వేస్తారండీ? బయట బెజ్జం ఉన్నదే నయం.

కొత్తచెయ్యి గారూ, మీరు టెక్సాస్‌లో ఉన్నారు. పదిహేడేళ్ళ లోపు పిల్లలకి అందేలా, వెంటనే కాల్చే స్థితిలో ఉన్న తుపాకీని వదిలేస్తే అక్కడ నేరం. పాప ఐదేళ్ళదని చెప్పారు, ఆ వయసు పిల్లలు రెండు చేతుల బొటనవేళ్ళూ కలిపి ట్రిగ్గర్ నొక్కగలరు. సేఫ్ ముందు కొనండి, తుపాకీ తర్వాత. పాతది కొన్నా తాళం లేకుండా రాదు. 2005 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం చేతి తుపాకీ అమ్మేటప్పుడు డీలర్ ఏదో ఒక తాళం ఇవ్వాలి. మామూలుగా కేబుల్ లాక్, అంటే తీగ తాళం, ఇస్తారు. దానిమీద ఆధారపడమని కాదు, లేదనుకుని బెజ్జం ఉన్నది కొనక్కర్లేదని. మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు సేఫ్‌లో ఏముందో ముందే చెప్పేయండి. మా మామగారికి చెప్పకపోతే నగలనుకుని రోజుకోసారి నంబరు అడిగేవారు.

కొత్తచెయ్యి_డల్లాస్:

శనివారం వెళ్ళాను. బాబాయ్ చెప్పినట్టు పాతదాని హ్యామర్ మెల్లగా లాగితే ఆరింటిలో రెండు గదులకి సిలిండర్ పూర్తిగా కుదురుకోలేదు. కౌంటర్ పెద్దాయనకి చూపిస్తే ఆయనే మళ్ళీ లాగి చూసి, ఏమీ మాట్లాడకుండా ధర చీటీ తీసి జేబులో పెట్టుకున్నాడు. కొత్తదానికి తుపాకీ కొనేవాళ్ళు నింపాల్సిన ఫెడరల్ ఫారం 4473 నింపాను, నా నేర చరిత్ర చెకింగ్ ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మిగిలిన 150కి ఇంకో వంద కలిపి సేఫ్ తీసుకున్నాం, ఆదివారమే బిగించాను. తాళంచెవులు రెండూ సేఫ్‌లోనే టేపుతో అతికించాను. అమ్మ దేవుడి అర సర్దదని గ్యారంటీ లేదు.

హ్యూస్టన్_మామ:

కొన్నావుగా, శుభం. రేంజ్‌లో నా పక్క లేన్‌లో మాత్రం నిలబడకు.