అప్‌డేట్: 2008 డీఎస్సీ బీఈడీ మెరిట్ కేసు, అక్కకు పోస్టింగ్ వచ్చింది

2008 డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష)లో ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్) పోస్టుల్లో 30 శాతం డీఈడీ వాళ్లకు కేటాయించడంతో మెరిట్ ఉన్నా ఉద్యోగం రాని బీఈడీ అభ్యర్థుల్లో తెలంగాణలో ఉన్న మా అక్క ఒకరని, ఇప్పుడు తను హైకోర్టులో విడిగా రిట్ పిటిషన్ వేయాలా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

విడిగా రిట్ అవసరం పడలేదు. మేం కలిసిన లాయర్ ఈ కేసులో పాత కోర్టు ఆర్డర్లన్నీ చదివి, అక్క పేరు మెరిట్ జాబితాలో ఉంది కాబట్టి కొత్త కేసు వేస్తే ఇంకా ఆలస్యమే తప్ప లాభం లేదన్నారు. మీలో ఒకరు చెప్పిన సలహానే పనికొచ్చింది: అప్పటి హాల్ టికెట్, మార్కుల వివరాలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు సిద్ధంగా పెట్టుకోవడం. 2024లో ఉమ్మడి జిల్లా కేంద్రంలో సర్టిఫికెట్ల వెరిఫికేషన్ పెట్టినప్పుడు అవే అడిగారు. కాంట్రాక్టు పద్ధతిలో చేయడానికి ఇష్టమేనని సమ్మతి పత్రం కూడా అక్కడే ఇచ్చింది. ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు మాత్రం మాకు ఉపయోగపడలేదు.

2025 ఫిబ్రవరిలో పోస్టింగ్ ఆర్డర్ చేతికొచ్చింది. జీతం నెలకు 31,040 రూపాయలు. పరీక్ష రాసినప్పుడు పెళ్లి కూడా కాని అక్కకు ఇప్పుడు కాలేజీకి వెళ్లే కూతురుంది. ఇన్నేళ్ల సర్వీసు, ఇంక్రిమెంట్లు ఎవరు తిరిగిస్తారు? సంతోషంగానే ఉన్నాం, కానీ ఇది న్యాయంలో సగమే.

ఆంధ్రలో ఇదే బ్యాచ్‌కు 2021లోనే మినిమమ్ టైమ్ స్కేలు (ఆ పోస్టు పే స్కేలులో కనీస జీతం) ఇచ్చారు, కాబట్టి ఆ జీవోలు చూసి తెలంగాణ రూల్స్ అనుకోకండి.