డిక్టేషన్‌లో ఆ 8 దేనిదో తేలడం లేదు, ఎవరైనా చెప్పగలరా?

మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లోకి (డాక్టర్లు రికార్డు చేసిన మాటలు విని టైపు చేసే పని) కొత్తగా వచ్చాను. మందుల పేర్లు ఎలాగో దొరకబుచ్చుకుంటున్నా గానీ ల్యాబ్ రిపోర్టు మొదలైందంటే చాలు, చెమటలు పడతాయి. డాక్టరు గారు ఊపిరి తీసుకోకుండా చదివేస్తారు. 'హెచ్ అండ్ హెచ్ 12 అండ్ 36' అంటే హిమోగ్లోబిన్, హెమటోక్రిట్ అని తెలియడానికే నాకు రెండు రోజులు పట్టింది (నవ్వకండి).

ఇప్పుడు ఇరుక్కున్నది ఇక్కడ. వైట్ కౌంట్ (తెల్ల రక్తకణాల లెక్క) 14.2 అన్నారు, ఆ తర్వాత ఆ కణాల్లో ఏ రకం ఎంత శాతమో చదివారు: 'సెగ్స్ 72' (పూర్తిగా ఎదిగిన న్యూట్రోఫిల్స్), వెంటనే 'ఏదో' 8, లింఫ్స్ (లింఫోసైట్లు) 18, ఈయోస్ (ఈసినోఫిల్స్) 2. ఆ 'ఏదో' దగ్గర సరిగ్గా కాగితం తిప్పిన చప్పుడు. వేగం తగ్గించి పదిసార్లు విన్నా, ఒకసారి 'బ్యాండ్స్' (ఇంకా పూర్తిగా ఎదగని న్యూట్రోఫిల్స్) అనిపిస్తుంది, ఇంకోసారి 'మోనోస్' (మోనోసైట్లు). డిఫరెన్షియల్ (ఈ రకాల శాతాలు) మొత్తం 100 రావాలి కదా అని కూడి చూశాను, వచ్చింది, కానీ దానివల్ల అంకె సరైనదని తేలిందే తప్ప పేరు తేలలేదు. సెగ్స్ పక్కనే చెప్పారు కాబట్టి బ్యాండ్స్ అనుకుందామంటే మోనోసైట్లు అసలు లేనట్టవుతుంది. మోనోస్ అని రాస్తే 8 పెద్ద విశేషం కాదు, అదే బ్యాండ్స్ అయితే ఇన్‌ఫెక్షన్ వైపు చూపిస్తుంది, అర్థమే మారిపోతుంది.

ఊహించి రాయడం నాకిష్టం లేదు. ఖాళీ వదిలి, ఆడియోలో ఎన్నో నిమిషమో రాసి పంపితే సరిపోతుందా, లేక రెండు పదాలూ సూచించవచ్చా? అలాగే ఇలాంటి పొట్టి పేర్లు చెవికి అలవాటవడానికి మీరేం చేశారు?