అట్లాంటాలో రెంట్ ఇల్లు: కంపెనీ వాళ్లదా, మనవాళ్లదా?

కొత్త_కమ్మింగ్:
అందరికీ నమస్తే. జూన్‌లో న్యూజెర్సీ నుంచి అట్లాంటాకి మూవ్ అవుతున్నాం, పాప సిక్స్త్ గ్రేడ్‌కి వస్తోంది కాబట్టి ఊరికి ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలోని సౌత్ ఫోర్సైత్ స్కూల్స్ తప్ప వేరేవి చూడట్లేదు. వడపోసి వడపోసి రెండు ఇళ్ల దగ్గర ఆగాం. ఒకటి కంపెనీది, దేశమంతా వేల ఇళ్లున్న కంపెనీ, నెలకి 2,480 డాలర్లు. చూపించడానికి మనిషి కూడా రాడు, ఫోన్‌కి కోడ్ వస్తుంది, మనమే తలుపు తీసుకుని చూసుకుని తాళం వేసి రావాలి. రెండోది మన తెలుగాయనది, 2,650. ఆయన పెద్ద ఇల్లు కొనుక్కుని పాతది రెంట్‌కి ఇస్తున్నారు, వీడియో కాల్‌లో ఇల్లంతా తిప్పి చూపించారు, ఆవిడైతే అట్లాంటా వచ్చిన రోజు భోజనం మా ఇంట్లోనే అన్నారు. డిపాజిట్ జెల్ (బ్యాంక్ నుంచి బ్యాంక్‌కి వెంటనే డబ్బు పంపే యాప్) చేసేయండి, ఇద్దరం తెలుగువాళ్లమే కదా పెద్ద పెద్ద అగ్రిమెంట్లు ఎందుకు, ఒక పేజీ రాసుకుందాం అంటున్నారు. మా ఆయనకి కంపెనీ అంటేనే పడదు, ఇళ్లన్నీ కొనేసి రేట్లు పెంచింది వీళ్లే అంటారు. నాకేమో 170 డాలర్ల తేడా కనిపిస్తోంది, పైగా మనవాళ్లతో డబ్బు విషయం అంటే నోరు పెగలదు. రెండు రకాల ఇళ్లలో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

గచ్చిబౌలి_బ్రో:
ఆ 2,480 చూసి ఆగమైతరు అక్కా. మేము లారెన్స్‌విల్‌ల కంపెనీ ఇంట్లనే ఉంటున్నం, పేరు వద్దు గానీ అందరిదీ ఒకటే కథ. రెంట్ కింద స్మార్ట్ లాక్‌కి ఒక ఫీజు, నీళ్ల బిల్లు వాళ్లు కట్టి మనకి పంపినందుకు ఒక ఫీజు, ఏసీ ఫిల్టర్ ఇంటికి పంపినందుకు ఇంకో ఫీజు. ఈ ఫిల్టర్ ముచ్చట చెప్త వినండి. మా ఇంట్ల పట్టేది 20 బై 25, డబ్బాల వచ్చేది 16 బై 20. టేపు పెట్టి కొలిచి ఫొటో తీసి చాట్‌ల పెట్టినా, "మీ టికెట్ క్లోజ్ చేశాం, మా సర్వీస్‌కి రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్ వచ్చింది, మళ్ల అదే 16 బై 20 దిగింది. ఇప్పుడు గరాజ్‌ల ఒక అర నిండా అవే ఉన్నయ్, సరైనవి నేను హోమ్ డిపోల నా పైసలతోని కొనుక్కుంటున్న, వాళ్ల ఫీజు కూడా కడుతున్న.

అట్లని మొత్తం తిట్టలేను. పోయిన జులైల ఏసీ సచ్చిపోతే యాప్‌ల టికెట్ పెట్టిన మర్నాడే మనిషొచ్చి మోటర్ మార్చిపోయిండు, ఒక్క డాలర్ అడగలే, నేను ఎవరినీ బతిమాలలే. కానీ రెన్యూవల్ అప్పుడు మాట్లాడనీకి మనిషే దొరకడు. కంప్యూటర్ ఒక నంబర్ పంపుతది, ఉంటే ఉండు లేకపోతే పో. టైంకి కట్టినం గదా కొంచెం తగ్గించుర్రి అని ఎవరికి చెప్పాలె?

పాత_ఇంటి_ఓనర్:
ఓనర్ల తరఫున ఒక ముక్క చెప్తానండి, నాదీ అలాంటి ఒక్క ఇల్లే, ఆల్ఫారెట్టాలో. 2021లో లోన్‌ని 2.875 శాతం వడ్డీకి రీఫైనాన్స్ చేసుకున్నాం, తర్వాత పిల్లలు పెద్దవాళ్లై ఇల్లు చాలక ఇంకోటి కొన్నాం, అప్పటికి రేట్లు 7 దగ్గర ఉన్నాయి, ఆ 2.875 లోన్‌ని వదులుకోవడానికి మనసెలా ఒప్పుతుంది, అందుకని రెంట్‌కి ఇచ్చాం. మన కమ్యూనిటీలో చాలామంది ఓనర్లు ఇలా అయినవాళ్లే, బిజినెస్ చేద్దామని దిగినవాళ్లు తక్కువ. రెంట్‌కి ఇచ్చాక హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్, అంటే సొంతంగా ఉండే ఇంటికిచ్చే ట్యాక్స్ తగ్గింపు, పోతుంది కాబట్టి ప్రాపర్టీ ట్యాక్స్ పెరుగుతుంది, ఇన్సూరెన్స్ వేరే పాలసీ, కాలనీ సంఘానికి కట్టే హెచ్‌ఓఏ ఫీజు ఎలాగూ ఉంది. ఏసీ యూనిట్ మొత్తం పోయిందనుకోండి, ఆ ఏడాది మిగిలింది దానికే పోతుంది. వేల ఇళ్లున్న కంపెనీకి ఒక ఏసీ అంటే లెక్కే కాదు, నాకు అది పిల్లాడి సెమిస్టర్ ఫీజు. చిన్న ఓనర్ రిపేర్ అనగానే రేపు చూద్దాం ఎల్లుండి చూద్దాం అనేది అందుకే, మంచి అని అనను, ఉన్న సంగతి అది.

ఇంకో వైపు కూడా చూడండి. మా టెనెంట్‌కి మూడేళ్లుగా రెంట్ పెంచలేదు, ఎందుకంటే ఆయన వెళ్లిపోయి ఇల్లు ఒక నెల ఖాళీగా ఉంటే పోయేది, పెంచితే వచ్చేదానికంటే ఎక్కువ. ఇండియా నుంచి కొత్తగా దిగి క్రెడిట్ హిస్టరీ లేనివాళ్లకి కంపెనీ సిస్టమ్ నో అనేస్తుంది, లేదా ఎక్స్‌ట్రా డిపాజిట్ అంటుంది. మేమైతే ఆఫర్ లెటర్ చూసి ఇచ్చేశాం.

మీరు అడగాల్సింది మాత్రం ఒకటి ఉంది. ఆయన ఇల్లు ఎన్నాళ్లు ఉంచుకుంటారు? రేట్లు తగ్గినా, పిల్లల కాలేజ్ ఖర్చులొచ్చినా మాలాంటివాళ్లం ముందు అమ్మేది ఆ పాత ఇల్లే. ఓనర్ హెచ్‌1 మీద ఉంటే ఇంకా టెన్షన్, జాబ్ పోతే ఇంకో జాబ్ చూసుకోవడానికో దేశం వదలడానికో ఆయన చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు.

లెక్కల_మాస్టారు:
కొత్త_కమ్మింగ్ గారి భర్త చెప్పింది సగం నిజం. దేశం మొత్తం మీద చూస్తే వెయ్యి ఇళ్లు దాటిన పెద్ద ఇన్వెస్టర్ల చేతిలో ఉన్నవి రెంట్‌కి ఇచ్చే విడి ఇళ్లలో సుమారు 3 శాతమే, అది చూపించి కంపెనీల వాళ్లు మేమెంత, మా లెక్కెంత అంటారు. కానీ వాళ్లు దేశమంతా సమానంగా చల్లుకోలేదు కదా. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2024లో ఇచ్చిన రిపోర్ట్‌లో అట్లాంటాలో ఆ వాటా 25 శాతం, జాక్సన్‌విల్‌లో 21, షార్లెట్‌లో 18. అంటే ఇక్కడ రెంట్‌కి ఉన్న నాలుగు విడి ఇళ్లలో ఒకటి వాళ్లదే. 2008లో ఇళ్ల లోన్లు కుప్పకూలాక ఫోర్‌క్లోజర్‌కి (లోన్ కట్టలేక బ్యాంకు అమ్మకానికి) వచ్చినవి చవగ్గా ఏరుకోవడంతో ఇది మొదలైంది, పెట్టుబడి సంస్థ బ్లాక్‌స్టోన్ 2012లో ఇళ్లు రెంట్‌కిచ్చే ఇన్విటేషన్ హోమ్స్ కంపెనీ పెట్టింది, 2019 చివరికల్లా అందులో తన షేర్లన్నీ అమ్ముకుని బయటపడింది కూడా. ఎక్కువగా కొన్నది అట్లాంటాకి దక్షిణం, పడమర వైపు, క్లేటన్, హెన్రీ లాంటి కౌంటీల్లో, నల్లజాతి కుటుంబాలు మొదటి ఇల్లు కొనుక్కునే రేటులో ఉన్న ఇళ్లు. మన ఫోర్సైత్‌లో రేట్లు పెరగడానికి కంపెనీల కంటే స్కూళ్ల కోసం ఎగబడిన మనమే పెద్ద కారణం, ఈ మాట అంటే ఇక్కడ కొంతమందికి కోపం వస్తుంది, రానివ్వండి.

ఇంటి అసలు ఓనర్ ఎవరో తెలుసుకోవడం కూడా తేలిక కాదు. జార్జియా స్టేట్, రట్గర్స్ యూనివర్సిటీల రీసెర్చర్లు ఐదు కౌంటీల రికార్డులు తవ్వితే 19,000 పైచిలుకు ఇళ్లు మూడే కంపెనీలవని తేలింది, కానీ అవన్నీ 190కి పైగా వేరే వేరే పేర్ల మీద ఉన్నాయి.

ఫీజుల గురించి బ్రో చెప్పింది ఊరికే కాదు. 2024 సెప్టెంబర్‌లో వినియోగదారులకి మోసాలు జరగకుండా చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఇదే విషయం మీద ఇన్విటేషన్ హోమ్స్ మీద కేసు పెట్టింది, యాడ్‌లో చూపించిన రెంట్ వేరు, తప్పనిసరి ఫీజులతో కట్టించుకున్నది వేరు, ఏడాదికి 1,700 డాలర్లు దాటేంత అని ఆరోపణ. డిపాజిట్లు అన్యాయంగా ఆపారని కూడా ఉంది. 48 మిలియన్ డాలర్లు కట్టడానికి ఒప్పుకుని సెటిల్ చేసుకున్నారు. కాబట్టి 2,480 పక్కన పెట్టి, నెలకి అకౌంట్‌లోంచి మొత్తం ఎంత పోతుందో రాతపూర్వకంగా అడగండి.

ఇక తెలుగాయన విషయం. జార్జియా చట్టంలో ఒక మెలిక ఉంది, పది ఇళ్లకి మించకుండా ఉండి, మేనేజర్‌ని పెట్టుకోకుండా సొంతంగా చూసుకునే ఓనర్ డిపాజిట్‌ని తన డబ్బుతో కలపకుండా విడిగా ఉంచే ఎస్క్రో అకౌంట్‌లో పెట్టక్కర్లేదు, చేరేటప్పుడు ఇంట్లో ఏమేం డ్యామేజ్ ఉందో లిస్ట్ ఇవ్వక్కర్లేదు, అన్యాయంగా డిపాజిట్ ఆపుకుంటే పడే మూడింతల పెనాల్టీ కూడా ఆయనకి వర్తించదు. 30 రోజుల్లో తిరిగివ్వాలన్నది మాత్రం అందరికీ ఒకటే. 2024 జులై నుంచి డిపాజిట్ రెండు నెలల రెంట్ దాటకూడదని కూడా రూల్ వచ్చింది. అంటే కాగితం తక్కువగా ఉండేది చిన్న ఓనర్ దగ్గరే, చట్టం కూడా అక్కడే తక్కువ అడుగుతుంది. ఆ ఒక్క పేజీ అగ్రిమెంట్‌కి సరే అనకండి.

సుగర్‌హిల్_అక్క:
మాస్టారు గారు చెప్పింది మాకు జరిగింది. మనవాళ్ల ఇల్లే, మనిషి చాలా మంచాయన, సంక్రాంతికి అరిసెలు కూడా పంపారు. కానీ ఇల్లు ఆయన మనసులోంచి మాత్రం ఖాళీ కాలేదు. డెక్ మీద ఆయన వదిలేసిన మల్లె తొట్టి ఒకటి ఉండేది, చలి మొదలవగానే లోపల పెట్టారా, నీళ్లు పోస్తున్నారా అని వాట్సాప్, ఒకసారి ఫొటో కూడా అడిగారు. మా అత్తయ్య మామయ్య ఇండియా నుంచి వస్తే ఎంతమంది ఉంటున్నారమ్మా, ఎన్నాళ్లు ఉంటారు, నీళ్లు ఎక్కువ వాడతారేమో అని. ఇటువైపు వచ్చాను అని చెప్పి బెల్ కొట్టేవారు, బయటే నిలబెట్టి మాట్లాడటం బాగుండదు కదా, లోపలికి రమ్మని కాఫీ ఇచ్చేదాన్ని, ఆయన కాఫీ తాగుతూ స్టవ్ వెనక గోడ చూసేవారు. ఖాళీ చేసేటప్పుడు పోపు మరకలు, పెయింట్ అని చెప్పి డిపాజిట్‌లో సగం ఆపారు. మేము వచ్చినప్పటి ఫొటోలు లేవు, మెజిస్ట్రేట్ కోర్టుకి వెళ్లొచ్చు అన్నారు ఎవరో, గుళ్లో కనపడే మనిషి మీద కేసు వేస్తామా చెప్పండి, వదిలేశాం.

అయినా మళ్లీ ఇల్లు చూసుకోవాల్సి వస్తే నేను మనిషి ఉన్న ఇల్లే తీసుకుంటాను. డెలివరీకి మా అమ్మ టైంకి రాలేకపోయింది, వీసా లేట్ అయ్యి, ఆ వారం మాకు పత్యం వండి పంపింది ఆయన భార్యే.

గచ్చిబౌలి_బ్రో:
సగం డిపాజిట్‌కి పత్యం 😀 నాకైతే 16 బై 20 ఫిల్టర్లే దక్కినయ్.

కొత్త_కమ్మింగ్:
అందరికీ థాంక్స్ అండి, చాలా కళ్లు తెరిపించారు. కంపెనీకి మెయిల్ పెట్టి మొత్తం అడిగితే అన్నీ కలిపి 2,611 అని వచ్చింది, అంటే తేడా 39 డాలర్లే! తెలుగాయనకి ఫోన్ చేశాం, మా ఆయనే మాట్లాడారు, నేను పక్కన కూర్చుని చీటీలు రాసి ఇచ్చాను. పూర్తి లీజ్ అనగానే కొంచెం ముభావంగా అయ్యారు, నమ్మకం లేదా అన్నారు, మీకు కూడా సేఫ్ కదా సార్ అంటే తర్వాత సరే అన్నారు. ఎన్నాళ్లు అంటే ఏడాదికి మాటిస్తాను, ఆ పైన మా పెద్దమ్మాయి కాలేజ్ అయ్యేదాకా చెప్పలేను అన్నారు. నాకు ఆ సమాధానం నచ్చింది నిజానికి, కానీ పాపని ఏడాదికే మళ్లీ స్కూల్ మార్పించాల్సి వస్తే అని భయం. రెండేళ్ల లీజ్ అడగొచ్చా?

పాత_ఇంటి_ఓనర్:
అడగొచ్చండి, అడిగితే పోయేదేముంది. నేనైతే రెండో ఏడాదికి ఒక యాభై పెంచుకునేలా ఉంటే సంతకం పెడతాను, నాకూ ఖాళీ భయం ఉండదు. లీజ్‌లో ఇల్లు అమ్మితే 60 రోజుల నోటీస్‌తో ఖాళీ చేయాలి అనే లైన్ ఉందేమో చూడండి, రెడీమేడ్ ఫారాల్లో అది తరచుగా ఉంటుంది, అది ఉంటే రెండేళ్లని రాసుకున్నా లాభం లేదు, కొట్టేయించండి. స్కూల్‌కి మీరు జోన్‌లోనే ఉంటున్నట్టు లీజ్ కాపీ చూపించాలి కాబట్టి సంతకాలు, తేదీలు, పూర్తి అడ్రస్ ఉన్న కాగితం మీకు ఎలాగూ కావాలి, ఆ స్కూల్ పేరు చెప్పి అడిగితే ఆయనా ఏమీ అనుకోరు.

లెక్కల_మాస్టారు:
జెల్ చేసే ముందు కౌంటీ ట్యాక్స్ అసెసర్ సైట్‌లో ఆ అడ్రస్ కొట్టి ఓనర్ పేరు ఆయనదేనా చూసుకోండి, రెండు నిమిషాల పని. కోడ్‌తో తలుపు తెరుచుకునే ఇళ్లలోనే మోసాలు ఎక్కువ, కంపెనీ ఇంటి ఫొటోలు ఎత్తి ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో తక్కువ రెంట్‌కి పెట్టి, కోడ్ కూడా వాళ్లే ఇచ్చి డిపాజిట్ లాగేస్తారు. ఒకవేళ కంపెనీ ఇల్లే అనుకుంటే వాళ్ల సొంత సైట్‌లోంచి తప్ప ఎక్కడా డబ్బు కట్టకండి. చేరిన రోజు ప్రతి గదీ వీడియో తీసి అదే రోజు ఓనర్‌కి మెయిల్ చేయండి, వాట్సాప్‌లో కాదు. స్టవ్ వెనక గోడ మర్చిపోకండి.

సుగర్‌హిల్_అక్క:
తొట్లు ఏమైనా ఉంటే ముందే తీసుకెళ్లమనండి.